చీకటి బొమ్మలు

భయానక బీభత్సాలకు నవరసాలలో పీట వేసిన వారము మనము. వీధి భాగవతంలో నరసింహుడు హిరణ్యకశిపుని ప్రేగులు తీస్తూంటే పిల్లలను ఒడిలో కూర్చుండబెట్టుకొని చూస్తాము. అదే రసం చిత్రంలో కనిపించినదా, చిత్రకారుని మనస్సునే శంకిస్తాము. కుర్రవాడు లెక్కల పుస్తకం అట్టపై కపాలం గీసినచో తండ్రికి కబురు వెళ్ళక తప్పదు!

ఈ శంకకు ఎంతో గురియైనవాడు పోలెండు చిత్రకారుడు జిస్లావ్ బెక్షిన్‌స్కీ. 1929లో సానోక్ అనే చిన్న పట్టణంలో జన్మించినాడు. క్రాకోలో వాస్తువిద్య అభ్యసించి, స్వగ్రామానికి తిరిగి వచ్చి, అక్కడి కర్మాగారంలో బస్సులకు ఆకృతులు గీసినాడు. ఎముకలతో కట్టినట్లున్న దేవాలయాలు, ముఖానికి గుడ్డలు చుట్టుకొన్న మనుషులు, పొగమంచు వెనుక నుండి వచ్చే ఎర్రని వెలుగు — అతని ప్రసిద్ధ చిత్రాలివి. 1960ల చివరి నుండి 1980ల నడుమ వరకు గట్టి పలకలపై తైలవర్ణాలతో వేసినవి. ఒక్కదానికీ పేరు పెట్టలేదు. అర్థం చెప్పుమన్నవారికి చెప్పలేదు. మనిషి మాత్రం సాత్త్వికుడు, హాస్యప్రియుడు. సంగీతం వింటూ బొమ్మ వేసుకొనేవాడు.

1998లో భార్య మరణించినది. మరుసటి సంవత్సరం క్రిస్మస్ ముందునాడు కుమారుడు బలవన్మరణం పాలైనాడు. 2005 ఫిబ్రవరిలో, డబ్బు ఇవ్వనన్నందుకు, ఎరిగిన యువకుడే వార్సాలో అతనిని పొడిచి చంపినాడు. ఆ బొమ్మలే కీడు మూడినవనేవారు తేదీలు చూచుకోరు. 1939లో జర్మను సేనలు పోలెండుపై పడేనాటికి అతనికి పదేళ్ళు. సానోక్‌లోని యూదులలో అత్యధికులు ఆ యుద్ధంలో నశించినారు. ఆ బాల్యపు నీడ చిత్రాలలో పడినదంటే నమ్మవచ్చును. పాతికేళ్ళ తరువాత రానున్న దుఃఖం ముందే పడినదంటే ఎట్లా?

విద్యార్థులు ముఖ్యంగా గమనింపదగినది అతని చివరి దశాబ్దం. యౌవనంలో, 1950లలో, అతడు ఛాయాగ్రాహకుడు. ఉన్నదానిని తన ఊహకు తగినట్లు మార్చుటకు కెమెరా ఒప్పుకొనదని దానిని విడిచినాడు. ఆనాడు దొరకని ఆ స్వేచ్ఛ 1990లలో కంప్యూటరు రూపంలో దొరికినది. డెబ్బదికి చేరువైన వయస్సులో ఆ విద్య స్వయంగా పట్టుపరచుకొని, ఛాయాచిత్రాలను ముక్కలు చేసి, అతికి, వంచి, కొత్త లోకాలు కట్టినాడు.

వాటిని తైలచిత్రాలకు సమానమని నేను అనను. తైలచిత్రంలో గోడ పెచ్చు ఒక్కొక్కటి కుంచె మొనతో సంపాదించినది. కంప్యూటరు చిత్రంలో ఆ శ్రమ జాడ లేక నునుపు ఎక్కువైనది. అయినా చూడగానే అతనివని తెలిసిపోతాయి. యంత్రం మారినది గాని చూపు మారలేదు. నేడు మాట చెప్పినంతనే బొమ్మను వడ్డించే యంత్రాల ముందు కూర్చున్న మన పిల్లలకు ఈ భేదం చెప్పవలసినవారు ఉపాధ్యాయులే.

తన చిత్రాలను అతడు సానోక్ మ్యూజియానికి వ్రాసి ఇచ్చినాడు. యౌవనంలో బస్సులకు ఆకృతులు గీసిన ఆ ఊరిలోనే, పాత కోటలో, పేర్లు లేకుండానే అవి వ్రేలాడుతున్నవి.