ఒక ఉత్తరం, నాలుగు ఫోల్డర్లు

కరెంటు బిల్లు మెయిల్‌లో వచ్చింది. జీమెయిల్‌లో దానికి ‘ఇల్లు’, ‘పన్నులు’ అని రెండు లేబుళ్లు తగిలించారు. అదే ఖాతాను కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంకు కలిపి చూస్తే ఆ బిల్లు ఇన్‌బాక్స్‌లో ఉంటుంది, ‘ఇల్లు’ ఫోల్డర్‌లో ఉంటుంది, ‘పన్నులు’లో ఉంటుంది, ‘ఆల్ మెయిల్’లోనూ ఉంటుంది. సర్వర్‌లో ఉన్నది మాత్రం ఒక్కటే. ప్రోగ్రాం చెడిపోయిందనుకుని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవాళ్లూ ఉన్నారు. పాపం, దాని తప్పేం లేదు. పద్దెనిమిదేళ్ల తేడాతో పుట్టిన రెండు ఆలోచనలు ఇక్కడ కలిసి కాపురం చేస్తున్నాయి.

మొదటిది 1986 నాటిది. అప్పటికి వాడుకలో ఉన్న పాప్ పద్ధతిలో, సర్వర్‌లో పడ్డ ఉత్తరాల్ని మన కంప్యూటర్‌లోకి దింపుకోవడమే పని. ఒక మనిషికి ఒకే కంప్యూటర్ అయితే ఇబ్బంది లేదు. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంటే ఏ ఉత్తరం ఎక్కడుందో వెతుక్కోవాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మార్క్ క్రిస్పిన్ ఈ పద్ధతిని తిరగేశారు. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండనివ్వండి, ఎక్కడ కూర్చుంటే అక్కణ్నుంచే చూసుకోండి అన్నారు. అదే ఐమ్యాప్. 1994లో దాని నాలుగో రూపం వచ్చింది. ఇప్పటికీ మనం వాడుతున్నది దాని సంతతే.

క్రిస్పిన్ మనసులో ఉన్న బొమ్మ ఫోల్డర్లది. ప్రతి ఫోల్డర్ తనలోని ఉత్తరాలకు తన సొంత నంబర్లు వేసుకుంటుంది. ఒక ఉత్తరం ఇంకో ఫోల్డర్‌లోనూ కావాలంటే నకలు తీయాల్సిందే. చెరిపేయడం రెండంచెల పని: ముందు ‘చెరపాలి’ అని గుర్తు పెట్టాలి, తర్వాత గుర్తున్నవాటిని ఊడ్చేయాలి. విచిత్రం ఏమిటంటే ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి జరపడానికి ఇందులో మొదట విడిగా ఆదేశమే లేదు. నకలు తీసి, పాతదానికి గుర్తు పెట్టి, ఊడ్చేయాల్సి వచ్చేది. ‘జరుపు’ అన్న మాట ప్రామాణికంగా చేరింది 2013లో!

రెండో ఆలోచన 2004 ఏప్రిల్ 1న బయటికొచ్చింది. హాట్‌మెయిల్ ఉచితంగా 2 మెగాబైట్లు ఇస్తున్న రోజుల్లో గూగుల్ ఒక గిగాబైట్ ఇస్తానంటే ఏప్రిల్ ఫూల్ అనుకున్నవాళ్లు చాలామంది. కానీ పాల్ బుక్‌హైట్ తయారుచేసిన ఆ జీమెయిల్‌లో అసలు కొత్తదనం జాగా కాదని నా లెక్క. ఉత్తరాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్ననే అది తీసేసింది. ఒకే మనిషిని ఒక ఇంట్లో బావగారు, ఇంకో ఇంట్లో పెదనాన్న, బళ్లో మాస్టారు అన్నట్టు, ఒకే ఉత్తరానికి ఎన్ని లేబుళ్లైనా ఉండొచ్చు. ఇన్‌బాక్స్ కూడా ఒక లేబులే. ఆర్కైవ్ నొక్కితే ఉత్తరం ఎక్కడికీ పోదు, ఆ లేబుల్ ఊడుతుంది, అంతే.

2007 అక్టోబరులో జీమెయిల్ ఐమ్యాప్‌కు తలుపు తెరిచింది. ఫోల్డర్ తప్ప ఇంకేమీ తెలియని భాషలో లేబుల్‌ను చెప్పేదెలా? గూగుల్ వాళ్లు వేషం వేయించారు. ప్రతి లేబులూ ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది. ఫోల్డర్‌లోకి నకలు తీస్తే లేబుల్ తగులుతుంది. ఫోల్డర్‌లో చెరిపేస్తే లేబుల్ ఊడుతుంది. తెలివైన ఏర్పాటే, కానీ ఈ సంగతి అవతలి ప్రోగ్రాంకు తెలియదు. సెట్టింగ్స్‌లో మనం పడే తిప్పలన్నీ అక్కడివే.

చెత్తబుట్ట సంగతే తీసుకోండి. జీమెయిల్ సొంత ట్రాష్‌లోకి వెళ్లిన ఉత్తరం మిగతా అన్ని చోట్ల నుంచీ తప్పుకుని 30 రోజుల తర్వాత పూర్తిగా పోతుంది. వెనకటి ప్రోగ్రాములు కొన్ని ఇది గమనించక తమ కోసం విడిగా ఒక ట్రాష్ ఫోల్డర్ తెరిచేవి. జీమెయిల్ దృష్టిలో అది మరో మామూలు లేబుల్. పారేశాననుకున్న ఉత్తరం ‘ఆల్ మెయిల్’లో నిక్షేపంగా ఉండేది, కోటాను తింటూ. అందుకే థండర్‌బర్డ్ సర్వర్ సెట్టింగ్స్‌లో, డిలీట్ చేసిన మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పేచోట జీమెయిల్ ట్రాష్‌ను చూపించాలి. అక్కడే ‘వెంటనే తీసేయి’ అని ఎంచుకుంటే ఊడేది మనం ఉన్న ఫోల్డర్ తాలూకు లేబుల్ ఒక్కటే.

పంపిన మెయిల్‌ది ఇంకో కథ. జీమెయిల్ సర్వర్ ద్వారా పంపితే ‘సెంట్’లో నకలు అదే వేసుకుంటుంది. ప్రోగ్రాం కూడా వేస్తే అనవసరపు రెండో పని, కాబట్టి థండర్‌బర్డ్‌లో నకలు వేసే టిక్ తీసేయాలి. ‘ఆల్ మెయిల్’ అక్కర్లేదనుకుంటే వెబ్‌లోని జీమెయిల్ సెట్టింగ్స్‌కు వెళ్లి, లేబుళ్ల పేజీలో దాని పక్కనున్న ‘ఐమ్యాప్‌లో చూపించు’ టిక్ తీస్తే సరి. ఏళ్ల తరబడి పోగైన మెయిల్ ఉన్నవాళ్లకు ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఐమ్యాప్ ద్వారా రోజుకు 2,500 మెగాబైట్లకు మించి దింపుకోనివ్వరు. పోర్టు నంబర్లు (రావడానికి 993, పోవడానికి 465 లేదా 587) ఇప్పుడు ప్రోగ్రామే పెట్టుకుంటుంది. మామూలు పాస్‌వర్డ్‌ను బయటి ప్రోగ్రాముకు ఇచ్చే పద్ధతిని వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి ఆపేశారు. దాని బదులు ఇప్పుడు గూగుల్ పేజీ తెరుచుకుంటుంది, అక్కడ ఒప్పుకోవాలి.

ప్రమాణాలు రాసేవాళ్లు మెల్లగా దారికొచ్చారు. ఏది ట్రాష్, ఏది సెంట్, ఏది అన్నీ ఉండే ఫోల్డర్ అని సర్వరే చెప్పే వీలు 2011లో వచ్చింది. వేర్వేరు ఫోల్డర్లలో ఉన్నది ఒకే ఉత్తరమని గుర్తుపట్టే నంబరు 2018లో వచ్చింది. 2019లో జేమ్యాప్ అనే కొత్త పద్ధతి ఒక ఉత్తరం ఒకేసారి పలు ఫోల్డర్లకు చెందవచ్చని మొదట్లోనే ఒప్పేసుకుంది. క్రిస్పిన్ 2012 డిసెంబరులో కన్నుమూశారు, చివరి రెండూ చూడలేదు. జీమెయిల్ మాత్రం జేమ్యాప్ జోలికి పోలేదు. పాత ఐమ్యాప్‌కే లేబుళ్ల కోసం తన సొంత ఆదేశాలు కొన్ని జోడించుకుంది. 2025 జనవరి నుంచి వ్యక్తిగత ఖాతాల్లో ఐమ్యాప్‌ను ఆపే మీట కూడా లేదు; అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.