హద్దు విడుచు వేళ

తన కంచమును, తన పడకను, తన దేహమును ఇతరులనుండి కాచుకొను హద్దు ప్రతివానికిని ఉండదగినదే. అది స్వార్థము కాదు. అయినను దానిని విడువవలసిన వేళ యొకటి కలదు. ఫాదర్ డేమియన్ చరిత్రమును చూడుడు.

హవాయి ప్రభుత్వమువారు 1866 మొదలు కుష్ఠరోగులను మొలొకాయి ద్వీపమునకు పంపి వేరుగ నుంచుచుండిరి. బెల్జియము దేశస్థుడైన డేమియన్ 1873 మే నెలలో, తన 33వ యేట, అచ్చటికి బోయెను. రోగులను తాకవలదని పెద్దలు హెచ్చరించిరి. మొదట నాతడును జాగ్రత్తగనే యుండెను. తొలి రాత్రులు చెట్టుక్రింద పరుండెను. పుండ్ల దుర్గంధమునకు తాళలేక పొగాకు చుంగాణి మరగెను. ఆ పొగయే ఆతనికి గోడ.

కాని అచ్చటివారు చేమదుంపల ముద్దను ఒక్క పాత్రలో చేతులుంచి తిందురు. పిలిచినను ఆ పాత్రయొద్దకు రానివాడు వారి కుపకారి కావచ్చును, ఆప్తుడు మాత్రము కానేరడు. డేమియన్ అందు చేయి పెట్టెను, పుండ్లు కడిగి కట్టెను, శవపేటికలు చేసెను. తుదకు, గోడగా దెచ్చుకొన్న ఆ చుంగాణినే రోగులతో పంచుకొనెను!

1884లో ఒకనాడు కాళ్లను వేడినీటిలో నుంచగా బొబ్బలెక్కెను గాని నొప్పి తెలియలేదు. 1889 ఏప్రిల్ 15న మరణించెను. అజాగ్రత్తచే చెడెనని నిందించినవారు నాడే కలరు. ఆ మాట కేవలము అబద్ధమని నేననను. అజాగ్రత్త యని వారన్నది ఆతడు తెలిసి విడిచిన హద్దు. 1981లో ప్రపంచారోగ్యసంస్థ సిఫారసు చేసిన మందులతో ఆ రోగము నేడు కుదురుచున్నది. డేమియన్‌కు ఆ మందులు లేవు.