కాండీ ఫిరంగి: కొల్ల, పునఃప్రాప్తి

ఫిరంగిని దొంగిలించిరి అన్నచో వినువారికి నవ్వు వచ్చును. అది కొంగున ముడివేసికొని పోవుటకు నాణెము కాదు, వేలికి తొడిగికొని పోవుటకు ఉంగరము కాదు. అయినను చరిత్రలో చేతులు మారిన వస్తువులలో ఫిరంగులు తక్కువేమియు కావు. యుద్ధమున గెలిచినవాడు ఓడినవాని ఫిరంగులను పట్టుకొనుట ఒక ఆచారముగా ఉండెడిది. అట్లు పోయినది మరల స్వస్థానమునకు చేరుట మాత్రము మిక్కిలి అరుదు.

1765లో శ్రీలంకలోని కాండీ రాజప్రాసాదము నుండి పోయిన ఒక చిన్న ఫిరంగి 2023లో కొలంబో నగరమునకు తిరిగి వచ్చినది. నడుమ గడిచిన కాలము 258 సంవత్సరములు. ఇంతకాలమైన పిమ్మట, అది ఫలానా రాజుది, ఫలానా సంవత్సరమున బలవంతముగా తీసికొనిపోబడినది అని ఎట్లు తేల్చగలిగిరి? దీనికి సమాధానము కొంత లోహమునందును, కొంత కాగితమునందును ఉన్నది. ఏ ఒక్కటియు ఒంటరిగా చాలదు.

కంచు ఫిరంగులు ఏల మాయమగును?

పూర్వము ఫిరంగులను ఇనుముతోను, కంచుతోను పోతపోసెడివారు. ఇనుము చౌక. కాని పోతయినుము పెళుసైనది. లోపమున్న ఫిరంగి ఏ హెచ్చరికయు లేకుండ పగిలి, పేల్చువారినే చంపవచ్చును. కంచు ఖరీదైనది, కాని సాగుడు గుణము కలది. పగులుటకు ముందు చాలసారులు ఉబ్బి అపాయమును తెలుపును. ఇనుమువలె తుప్పు పట్టదు. ఫిరంగి కంచులో స్థూలముగా నూటికి 90 పాళ్లు రాగియు, 10 పాళ్లు తగరమును ఉండును.

ఈ కంచు సుమారు 1,000 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద కరగును. శుద్ధమైన ఇనుము కరగుటకు 1,500 డిగ్రీలకు పైగా వేడిమి కావలెను. కనుక పట్టుబడిన కంచు ఫిరంగిని కరగించి మరియొక ఫిరంగిగానో, గంటగానో, విగ్రహముగానో మార్చుట కష్టము కాదు. 1805లో ఆస్టర్లిట్జు యుద్ధమున గెలిచిన నెపోలియను పట్టుబడిన ఫిరంగుల కంచుతో పారిస్ నగరమున వాండోమ్ స్తంభమునకు తొడుగు చేయించెను. ఆ స్తంభము 1810లో పూర్తియైనది. మూసలోనికి పోయిన ఫిరంగి రూపమును, దానిపై చెక్కిన అక్షరములును నశించును. వేరువేరు ఫిరంగుల లోహము కలసిపోవుటచే ఏ కంచు ఎవరిదో చెప్పుటయు అసాధ్యమగును.

కాండీ ఫిరంగి ఈ గతి నుండి తప్పించుకొన్నది. దాని అందమే దానిని కాపాడినదని చెప్పవచ్చును. కంచు గొట్టముపై బంగారము, వెండి, కెంపులు పొదిగిన పని దానికి గలదు. అట్టి వస్తువును కరగించుటకంటె దాచుకొనుటయే లాభమని తీసికొనిపోయినవారికి తోచినది.

ఫిరంగి చెప్పిన సాక్ష్యము

ఆ కాలమున కాండీ రాజ్యమును ఏలినవారికి మన తెలుగువారితో సంబంధము కలదు. 1739లో నరేంద్రసింహుడు మరణించినపుడు, పట్టమహిషికి సంతానము లేకపోవుటచే, ఆమె సోదరుడు శ్రీ విజయ రాజసింహుడు గద్దెనెక్కెను. వీరు తెలుగు మూలము గల మధుర నాయకుల బంధువర్గమువారు. నాయక్కర్ వంశమని ప్రసిద్ధి చెందిన వీరు 1815లో ఇంగ్లీషువారు కాండీని వశపరచుకొనువరకు రాజ్యమేలిరి.

ఫిరంగిపై సింహళ భాషలో ఒక శాసనము కలదు. దానినిబట్టి లెవ్కే దిసావ అను అధికారి 1745–46లో దీనిని కాండీ రాజునకు సమర్పించెనని తెలియుచున్నది. దిసావ యనగా ఒక మండలమునకు పాలనాధికారి. ఫిరంగిపై సూర్యుడు, అర్ధచంద్రుడు, సింహము కనబడును. ఇవి కాండీ రాజచిహ్నములు. కావున ఇది ఎవరిది అను ప్రశ్నకు ఫిరంగియే సమాధానము చెప్పినది.

కానుకయా? కొల్లయా?

కాని ‘ఎవరిది’ అను ప్రశ్న వేరు, ‘ఎట్లు పోయినది’ అను ప్రశ్న వేరు. శ్రీలంక తీరప్రాంతములను పట్టియుండిన డచ్చి ఈస్టు ఇండియా కంపెనీవారు కాండీ రాజసభకు రాయబారులను పంపెడివారు. రాజు ఏలుబడిలోని అడవులలో దాల్చినచెక్క ఒలుచుకొనుటకు వారికి ఆయన అనుమతి కావలసియుండెను. ఆ సందర్భములలో ఇరుపక్షములవారును కానుకలు ఇచ్చిపుచ్చుకొనెడివారు. అట్లయినచో ఈ ఫిరంగియు రాజు ఇష్టపూర్వకముగా ఇచ్చిన కానుకయే కావచ్చును గదా? ఈ సందేహమును తీర్చనిదే ‘తిరిగి ఇండు’ అని అడుగుటకు బలము లేదు.

ఇచట కాలనిర్ణయము తోడ్పడినది. ఫిరంగి శాసనమునకు ముందు, అనగా 1745కు ముందు, కాండీని విడిచియుండదు. హాలండులో అది అయిదవ విలియం ప్రభువు వింత వస్తువుల సేకరణలో ఉండెను. ఫ్రెంచి సేనలు వచ్చుటచే ఆ ప్రభువు 1795లో దేశము విడిచి ఇంగ్లండునకు పారిపోయెను. కావున ఫిరంగి ప్రయాణము 1745కును 1795కును నడుమ జరిగియుండవలెను. ఈ యాబది సంవత్సరములలో డచ్చి సేనలు కాండీ నగరములో ప్రవేశించినది 1765లోనే.

ఆ సమయమున రాజు కీర్తి శ్రీ రాజసింహుడు. 1764లో కంపెనీ పంపిన సేన విఫలమైనది. 1765లో గవర్నరు వాన్ ఎక్ స్వయముగా సేనను నడిపి కాండీ చేరెను. రాజు అంతకు ముందే కొండలలోనికి తరలిపోయియుండెను. ఖాళీగానున్న రాజప్రాసాదమును సైనికులు కొల్లగొట్టిరి. కాని వ్యాధులును, ఆహారపు కొరతయు వారిని అచట నిలువనీయలేదు. కొద్ది నెలలలోనే వారు నగరమును విడువవలసి వచ్చెను. వాన్ ఎక్ ఆ సంవత్సరము ఏప్రిలులో కొలంబోలో మరణించెను. సేన వెనుకకు మరలినను, కొల్లసొమ్ము మాత్రము ఓడనెక్కినది.

డచ్చి పండితులును, శ్రీలంక పండితులును కలసి కంపెనీ దస్తరములను, పాత జాబితాలను పరిశోధించిరి. 2022లో వెలువడిన వారి నివేదిక ఈ ఫిరంగిని 1765 నాటి కొల్లకు ముడిపెట్టినది. శాసనము యజమానిని చూపినది. దస్తరములు దారిని చూపినవి.

లోహ పరీక్ష ఏమి చెప్పగలదు?

ఇటువంటి పురాతన వస్తువులను గీయకుండ, కోయకుండ పరీక్షించుటకు ఎక్స్ కిరణముల ప్రతిదీప్తి పద్ధతి ఉపకరించును. వస్తువుపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసినచో పరమాణువుల లోపలి కక్ష్యలలోని ఎలక్ట్రానులు కొన్ని వెడలిపోవును. ఆ ఖాళీలలోనికి పై కక్ష్యల ఎలక్ట్రానులు దిగునపుడు మరల ఎక్స్ కిరణములు వెలువడును. వాని శక్తి మూలకమునుబట్టి మారును. రాగి నుండి వచ్చు ముఖ్య కిరణము శక్తి సుమారు 8 కిలో ఎలక్ట్రాను వోల్టులు; తగరము నుండి వచ్చునది సుమారు 25. ఎక్స్ కిరణములకును పరమాణు సంఖ్యకును గల ఈ సంబంధమును 1913లో మోస్లే కనుగొనెను. కిరణములను కొలిచినచో వస్తువులో ఏయే మూలకములున్నవో, ఏ పాళ్లలో ఉన్నవో తెలియును.

కెంపునకును ఇట్టి గుర్తు కలదు. కెంపు అల్యూమినియం ఆక్సైడు. అందు కొద్దిగా చేరిన క్రోమియము దానికి ఎరుపు రంగునిచ్చును. ఎర్ర గాజుముక్క ఎంత మెరసినను ఈ పరీక్షలో నిలువజాలదు.

అయితే ఈ పద్ధతికి హద్దులు కలవు. ఇది వస్తువు పైపొరను మాత్రమే చూచును. పైన బంగారు పూత గాని, చిలుము గాని ఉన్నచో కొలత దారితప్పవచ్చును. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి: లోహము తన కూర్పును చెప్పును గాని, తనను తీసికొనిపోయినవాని పేరు చెప్పదు. అది చరిత్రకారుని పని. పరీక్షా ఫలితము నకిలీని తొలగించును; దస్తరము న్యాయమును నిలుపును.

తిరుగు ప్రయాణము

ఫిరంగి 1800 నుండి నెదర్లాండ్స్ జాతీయ సేకరణలో ఉండి, తరువాత ఆమ్‌స్టర్‌డాంలోని రైక్స్ మ్యూజియమునందు ప్రదర్శింపబడెను. విదేశములలోనున్న తమ పురావస్తువుల పట్టికను శ్రీలంక పురావస్తుశాలల అధిపతి డి సిల్వా 1975లో గ్రంథముగా ప్రకటించెను. పోయినవానిని అడుగుటకు మొదట పోయినవేవో తెలియవలెను గదా!

సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టుటకు 1970లో యునెస్కో ఒక ఒడంబడికను రూపొందించినది. కాని అది అంతకు ముందు జరిగినవానికి వర్తింపదు. కావున 1765 నాటి కొల్లను ఆ ఒడంబడిక తాకజాలదు. 2020లో డచ్చి ప్రభుత్వము నియమించిన సలహా సంఘము వేరు మార్గమును చూపినది: వలస పాలనలో ఒక వస్తువు యజమాని ఇష్టమునకు విరుద్ధముగా పోయినట్లు రుజువై, ఆ దేశము కోరినచో, షరతులు లేకుండ తిరిగి ఈయవలెనని సలహా యిచ్చెను. 2023 జూలైలో నెదర్లాండ్స్ ప్రభుత్వము ఇండోనేషియాకు 472 వస్తువులను, శ్రీలంకకు 6 వస్తువులను ఇచ్చుటకు నిర్ణయించినది. ఈ ఆరింటిలో ఫిరంగి ఒకటి. తక్కినవి ఒక బంగారు ఖడ్గము, ఒక వెండి ఖడ్గము, ఒక కత్తి, రెండు పెద్ద తుపాకులు. 2023 డిసెంబరులో ఇవి కొలంబో జాతీయ పురావస్తుశాలకు అప్పగింపబడినవి.

పాఠశాలలో చేయదగిన పని

మన కోటలలోను, పాత కట్టడములలోను ఫిరంగులు కలవు. గోలకొండలో పారసీక శాసనములు గల ఫిరంగులను చూడవచ్చును. ఉపాధ్యాయులు విద్యార్థులను తీసికొనిపోయి ఒక్కొక్క ఫిరంగి వివరములను వ్రాయించవచ్చును: ఉన్న చోటు, పొడవు, నోటి వ్యాసము, అక్షరములు, చిహ్నములు, పగుళ్లు. కొలబద్దను ప్రక్కనుంచి ఛాయాచిత్రము తీయవలెను. అరిగిన అక్షరములపై ఏటవాలుగా వెలుతురు పడునట్లు చేసినచో నీడలు ఏర్పడి అవి స్పష్టమగును. అక్షరములు కనబడుటకై చిలుమును గీకుట, సుద్ద రుద్దుట కూడదు.

నోటి వ్యాసమునుబట్టి గుండు బరువును లెక్కకట్టుట మంచి అభ్యాసము. నోటి వ్యాసము 10 సెంటీమీటరులైనచో, సులభముగా దూరుటకు గుండు వ్యాసమును 9.5 సెంటీమీటరులుగా తీసికొనవచ్చును. అట్టి గోళము ఘనపరిమాణము సుమారు 449 ఘన సెంటీమీటరులు. పోతయినుము సాంద్రత 7.2 కనుక గుండు బరువు సుమారు 3.2 కిలోగ్రాములగును.

నూరేండ్లకు మించిన ఇట్టి వస్తువులకు భారతదేశమున 1972 నాటి పురావస్తు చట్టము రక్షణ కల్పించుచున్నది. కాని ఎచటనుండి ఏది పోయినదో చెప్పు పట్టిక లేనిచో చట్టము ఎవరి పక్షమున మాటలాడగలదు? కాండీ ఫిరంగిపై లెవ్కే దిసావ చెక్కించిన కొద్దిపాటి అక్షరములే రెండు శతాబ్దుల తరువాత దాని పక్షమున సాక్ష్యము పలికినవి. అక్షరములు లేని ఫిరంగికి విద్యార్థి నోటుపుస్తకములోని కొలతయే ఆ సాక్ష్యము కావచ్చును.