ముసురు రోజుల దిగులుకు చైనా చిట్కాలు

జూన్ వచ్చిందంటే తాండూరు చుట్టుపక్కల ఆడవాళ్లకు ఊపిరాడదు. ఒకపక్క కంది విత్తనాలు, ఎరువుల అప్పు. ఇంకోపక్క పిల్లల ఫీజులు, నోటు పుస్తకాలు. ఇవి తెమలకముందే ముసురు మొదలు. బట్టలు ఆరవు, కట్టెలు అంటుకోవు. "మబ్బు పట్టిందంటే చాలు, పానం మంచిగుంటలేదక్కా. ఊకెనే ఏడుపొస్తది" అంది నాపరాళ్ల పాలిషింగుకు వెళ్లే ఒకామె. ఇంట్లోవాళ్లేమో 'బద్ధకం' అంటున్నారట!

బద్ధకం కాదు. చలికాలంలో వెలుగు తగ్గినప్పుడు కొందరికి వచ్చే దిగులును 1984లో అమెరికా డాక్టరు నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు జబ్బుగా గుర్తించి పేరు పెట్టారు. మన దగ్గర అంత చీకటి చలికాలం లేదు. కానీ కాలం మారితే పని, ఖర్చు, నిద్ర అన్నీ ఒక్కసారే మారిపోతాయి కదా!

చైనా సంప్రదాయ వైద్యులు ఏడాదిని ఐదు కాలాలుగా చేసి, ఒక్కోదానికి ఒక అవయవాన్నీ ఒక భావాన్నీ ముడిపెట్టారు. వసంతానికి కాలేయం, కోపం. శరత్తుకు ఊపిరితిత్తులు, దుఃఖం. చలికాలానికి మూత్రపిండాలు, భయం. ఎండలు ముగిసే తేమ రోజులకు ప్లీహం, తెగని ఆలోచన. ప్లీహమంటే ఇక్కడ స్కానింగులో కనిపించేది కాదు, తిన్నది ఒంటబట్టించే శక్తి అనుకోండి. తేమ చేరితే అరుగుదల మందగిస్తుందనీ, ఆలోచన ఒకచోటే గిరగిరా తిరుగుతుందనీ వాళ్ల లెక్క. వానాకాలంలో జఠరాగ్ని తగ్గుతుందని మన చరక సంహిత కూడా చెప్పింది. సలహా ఇద్దరిదీ ఒకటే: వేడిగా, తేలిగ్గా తినమని. అల్లం వాళ్లకూ మందే, మనకూ మందే. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు ఇంట్లో ఉంటే ఆ కట్టుతో మిరియాల చారు పెట్టుకోండి, ఏ చైనా సూపూ అక్కర్లేదు.

ఇక నొక్కుడు వైద్యం, అదే ఆక్యుప్రెషర్. దీని అక్క ఆక్యుపంక్చర్ మనకేం కొత్త కాదు. 1938లో డాక్టర్ కోట్నిస్‌తో పాటు చైనా వెళ్లిన బృందంలోని బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్లీ వెళ్లి అది నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. ఇంట్లో చేసుకోవాలంటే సూదులెందుకు, బొటనవేలు చాలు. మణికట్టు లోపలి గీత నుంచి మీ మూడు వేళ్ల వెడల్పు పైకి, రెండు నరాల్లాంటి కండరాల మధ్య 'నెయ్‌గ్వాన్' ఉంటుంది. అక్కడ రెండు మూడు నిమిషాలు మెల్లగా నొక్కుతూ నిదానంగా ఊపిరి తీసుకోవాలి. రెండోది 'ఇన్‌తాంగ్', కనుబొమల నడుమ. అంటే రోజూ మనం బొట్టు పెట్టుకునే చోటే!

నెయ్‌గ్వాన్ నొక్కితే వికారం, ఆపరేషన్ తర్వాతి వాంతులు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. దిగులు విషయంలో రుజువులు అంత గట్టివి కావు. అయినా, ఎవరూ పిలవకుండా ఇంటి ఇల్లాలు మూడు నిమిషాలు కూర్చోవడమే ఒక మందు అంటాను నేను. వికారాబాద్ వాళ్లకైతే అనంతగిరి ఉండనే ఉంది. గాలి మంచిదని నిజాం కాలంలో క్షయ రోగుల శానటోరియం కట్టింది ఆ గుట్ట మీదే. వాన తెరిపి ఇచ్చినప్పుడు పొద్దున్నే వెలుతురులో అరగంట నడవండి.

కొన్ని జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెప్పాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య 'హెగు' అనే చోటు ఉంది, గర్భిణులు అక్కడ నొక్కకూడదంటారు. బి.పి., షుగరు, థైరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. పేరు తెలియని మూలికల పొడులు అసలే వద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక చైనా మూలికకు బదులు అరిస్టలోకియా కలిసి ఎందరో ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. మన ఈశ్వరి వేరు కూడా ఆ కుటుంబానిదే.

దిగులు రెండు వారాలు దాటినా, నిద్ర పట్టకపోయినా డాక్టరుకు చూపించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే నీరసంగా ఉంటుంది, పరీక్షలో తేలిపోతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం వారాలు లెక్కపెట్టొద్దు, ఆ రోజే చెప్పాలి. ఎవరికీ చెప్పుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.