లెక్కల పుస్తకం వెనక పేజీలు

2020 జూన్‌లో మసీదుల తలుపులు మళ్ళీ తెరుచుకున్న తర్వాత, మా మొహల్లా మసీదులో ఎప్పుడూ మొదటి వరుసలో నిలబడే ఒక సోదరుడు చివరి వరుసకు మారారు. ఇమాం సలాం తిప్పగానే, దుఆ కోసం కూడా ఆగకుండా, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు. అందరూ ఒకరికొకరు ఎడంగా నిలబడుతున్న రోజులు కనుక మేము పెద్దగా పట్టించుకోలేదు. సంగతి ఆలస్యంగా తెలిసింది. ఆయన ఉద్యోగం పోయింది.

ఆయన ఒక ప్రైవేటు హైస్కూలులో 18 సంవత్సరాలు సాంఘికశాస్త్రం బోధించారు. అప్పటికి వయసు 47. మార్చిలో బడులు మూతపడ్డాయి. ఏప్రిల్ నుంచి జీతం ఆగింది. బడి తెరిస్తే పిలుస్తామన్నారు గానీ, ఫోనులో పాఠాలు చెప్పడానికి ఇద్దరు కుర్రవాళ్ళను తక్కువ జీతానికి పెట్టుకున్నారు. ఆ కాలంలో తెలంగాణలో ఇలాంటి ప్రైవేటు టీచర్లు ఊరూరా కనిపించారు. కొందరు కూలికి పోయారు, కొందరు టిఫిన్ బండి పెట్టుకున్నారు. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం వారికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించే నాటికి ఏడాది గడిచిపోయింది. మా సోదరుడు బావమరిది ట్రాలీ ఆటో తీసుకుని కూరగాయలు అమ్మారు. తన బడి పిల్లలుండే వీధుల్లోకి మాత్రం వెళ్ళేవారు కాదు. 2021 సెప్టెంబర్‌లో బడులు పూర్తిగా తెరుచుకున్నాయి. ఆయనకు పిలుపు రాలేదు.

ఆ చలికాలంలో ఒకనాడు ఇషా నమాజు తర్వాత ఆయన మా గదికి వచ్చారు. చేతిలో పొడుగాటి లెక్కల పుస్తకం ఉంది. ముందు పేజీల్లో టమాటా, వంకాయ, పచ్చిమిర్చి ధరలు, ఎవరెవరికి ఎంత బాకీ అన్న లెక్కలు. ఆయన పుస్తకాన్ని తిరగేసి వెనకనుంచి తెరిచారు. అక్కడ కథలున్నాయి.

“హజ్రత్, ఇవి జరిగినవి కావు. నేనే కల్పించి రాశాను. జరగనిదాన్ని జరిగినట్టు రాస్తే అబద్ధమే అవుతుందా? ఆ పాపం నా మీద ఉంటుందా?” అని అడిగారు.

మేమిచ్చిన జవాబు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. పుస్తకం చేతిలోకి కూడా తీసుకోలేదు. “మాస్టర్ సాబ్, ఇల్లు గడవడమే కష్టంగా ఉన్న రోజుల్లో కథలెందుకు? ఇస్తిగ్ఫార్ ఎక్కువగా చేయండి, పని వెతుక్కోండి” అన్నాము. ఆయన తల ఊపి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. తెల్లవారుజామున మూడింటికి లేచి మార్కెట్‌కు పోతున్న మనిషికి పని వెతుక్కోమని చెప్పామన్న ఇంగితం మాకు ఆ రాత్రి కలగలేదు.

తప్పు తెలిసివచ్చింది మరుసటి వారం, అదీ పాఠం చెబుతుండగా. అరబీ మదర్సాల పై తరగతుల్లో ‘మఖామాతె హరీరీ’ చదివిస్తారు. బస్రా నగరానికి చెందిన హరీరీ (1054-1122) రాసిన 50 కథలవి. మా విద్యార్థి దశలో అందులోని కఠిన పదాల అర్థాలన్నీ వల్లె వేశాము. పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాము. కానీ అదొక కథల పుస్తకమన్న సంగతే మా బుర్రకెక్కలేదు! అందులోని నాయకుడు అబూ జైద్ సరూజీ. శిలువ యుద్ధాల కాలంలో సరూజ్ పట్టణం శత్రువుల వశమైతే, ఉన్నదంతా పోగొట్టుకుని ఊరూరా తిరిగే మనిషి. మిగిలింది నాలుక ఒక్కటే. దానితోనే బతుకుతాడు. ఒకచోట ఉపన్యసిస్తాడు, ఇంకొకచోట మోసం చేస్తాడు, చివరి కథలో బస్రా మసీదులో పశ్చాత్తాపపడతాడు. అబూ జైద్ అనే ఆ మనిషిని హరీరీయే కల్పించారు. కల్పిత కథలు రాయవచ్చా అనే సందేహాన్ని ఆయన తన ముందుమాటలోనే ఎత్తుకున్నారు. జంతువులు మాట్లాడినట్టు చెప్పే నీతికథలను పెద్దలెవరూ తప్పుపట్టలేదు కదా అన్నది ఆయన వాదం. దాదాపు 900 సంవత్సరాలుగా ఆ పుస్తకాన్ని మసీదుల అరుగుల మీద, మదర్సాల చాపల మీద కూర్చుని చదువుతున్నారు. మేమూ దాన్నే బోధిస్తూ, కథ రాసిన మనిషిని గుమ్మం నుంచి తిప్పి పంపించాము.

షరీఅత్ దృష్టిలో అబద్ధం అంటే ఎదుటివాడు నిజమని నమ్మాలని, నమ్మి మోసపోవాలని చెప్పేది. కథ చదివేవాడికి అది కథ అని ముందే తెలుసు. సూరె షుఅరాలో దారితప్పిన కవుల ప్రస్తావన ఉన్నమాట నిజమే. అయితే విశ్వసించి సత్కార్యాలు చేసే కవులకు అక్కడే మినహాయింపు కూడా ఉంది. ఆ మొదటి భాగాన్ని మాత్రమే చెప్పి ఊరుకునే అలవాటు మా వంటివారిలో కొందరికి ఉంది. దైవప్రవక్త (స) తన మసీదులో కవి హజ్రత్ హస్సాన్ బిన్ సాబిత్ (రజి) కోసం మింబర్ వేయించారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఇక సూరె యూసుఫ్ సంగతి చెప్పనక్కరలేదు. అది జరిగిన సత్యమే గానీ, అల్లాహ్ దాన్ని వర్ణించింది మాత్రం కథనాల్లోకెల్లా ఉత్తమమైనది అనే. మనిషి హృదయానికి కథ ద్వారా దారి ఉందని అంతకంటే ఎవరు చెప్పాలి?

ఆ శుక్రవారం జుమా తర్వాత మేమే ఆయన ఇంటికి వెళ్ళాము. మొన్నటి మాటకు మన్నించమని అడిగి, పుస్తకం ఇమ్మన్నాము. ఆయన శ్రీమతి టీ తెచ్చి పెట్టి, తలుపు పక్కన నిలబడ్డారు. ఆమె ముఖంలో ఆందోళన కనిపించింది. పుస్తకాన్ని మేము చింపివేస్తామనుకున్నారేమో తెలియదు.

మొదటి కథ ఒక ఆయమ్మది. బడి మూసేశారని ఆమెకు ఎవరూ చెప్పరు. రోజూ తొమ్మిదింటికి వచ్చి గంట కొడుతుంది, నాలుగింటికి లాంగ్ బెల్ కొట్టి ఇంటికి పోతుంది. పిల్లలు లేరు, పంతుళ్ళు లేరు. ఒకనాడు ఆమెకు జ్వరం వస్తుంది, గంట మోగదు. వీధిలోని వారంతా ఒక్కొక్కరే బయటికి వచ్చి బడి వైపు చూస్తారు. అంతే కథ. మేము రెండుసార్లు చదివాము.

“మరి మీ సంగతి ఎక్కడా రాయలేదేం?” అని అడిగాము.

“నా గురించి మొదలుపెడితే రెండో వాక్యానికే మేనేజ్‌మెంటును తిట్టడం వస్తోంది హజ్రత్. తిట్లు ఎన్ని పేజీలని రాయను?” అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం చూశాము.

ఇంకొక సందేహం కూడా అప్పుడే బయటపెట్టారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదువుకున్నది తెలుగు. ఉర్దూ లిపి రాదు. తెలుగులో రాస్తుంటే అమ్మీ మాట్లాడే మాటలు కాగితం మీదికి రావడం లేదట. ఇది మన ఇళ్ళలో చాలామంది బాధ. ఉర్దూ మాటలను తెలుగు అక్షరాల్లో ఉన్నవున్నట్టు రాయమని, ఎవరూ కాదనరని చెప్పాము. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చూడమన్నాము. 2004లో వెలువడిన ముస్లిం కథల సంకలనం ‘వతన్’ ఉన్నదనీ చెప్పాము. మన ఇళ్ళలోని దస్తర్‌ఖాన్, బుర్ఖా, బీడీల చేట తెలుగు కథల్లోకి వచ్చి చాలాకాలమైంది.

ఆరోజు ఎక్కువసేపు మాట్లాడుకున్నది మాత్రం మీర్జా గాలిబ్ గురించి. ఉర్దూ రాని తెలుగువారికి దాశరథి ‘గాలిబ్ గీతాలు’ ద్వారా ఆయన గజళ్ళు తెలుసు. ఉత్తరాల సంగతి అంతగా తెలియదు. గాలిబ్ మద్యాన్ని, జూదాన్ని మేము సమర్థించడం లేదు. ఆయన కూడా వాటిని దాచుకోలేదు. చెప్పదలచింది ఆయన ఉపాధి పోయిన రోజుల గురించి.

1857 మే నెలకు గాలిబ్‌కు 59 సంవత్సరాలు. రెండు ఆదాయాలుండేవి. పినతండ్రి వారసత్వంగా కంపెనీ ప్రభుత్వం నుంచి నెలకు 62 రూపాయల 8 అణాల పింఛను ఒకటి. తైమూరు వంశ చరిత్ర రాసినందుకు బహదూర్ షా జఫర్ కొలువు నుంచి 1850 మొదలుకొని నెలకు 50 రూపాయల జీతం ఇంకొకటి. తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలో ప్రవేశించడంతో పింఛను ఆగిపోయింది. సెప్టెంబర్‌లో ఆంగ్లేయులు నగరాన్ని తిరిగి పట్టుకోవడంతో కొలువే లేకుండా పోయింది. అక్టోబర్‌లో తమ్ముడు మీర్జా యూసుఫ్ మరణించాడు. ముస్లింలను నగరం నుంచి వెళ్ళగొట్టారు. బల్లీమారాన్‌లో హకీముల ఇళ్ళున్న వీధికి పటియాలా మహారాజు కాపలా ఉండడంతో గాలిబ్ బతికిపోయారు. ఇంట్లోని బట్టలు, పరుపులు అమ్ముకుని కడుపు నింపుకున్నారు.

మరి ఆయన ఏమి చేశారు? రెండు పనులు చేశారు. మొదటిది, పింఛను కోసం అర్జీలు పెట్టడం. మూడేళ్ళ పాటు మానలేదు. ఆ రోజుల గురించి పర్షియన్‌లో రాసి, 1858లో ఆగ్రాలో అచ్చువేయించిన ‘దస్తంబూ’ను కూడా ఆంగ్ల అధికారులకు పంపించుకున్నారు. అందులో వారిని మెచ్చుకునే మాటలు లేకపోలేదు. ఈ విషయంలో ఆయనను తప్పుపట్టేవారున్నారు. ఆకలిని చూసినవారు అంత తొందరగా తప్పుపట్టరని మా అభిప్రాయం. 1859 జులై నుంచి రాంపూర్ నవాబు నెలకు 100 రూపాయలు పంపసాగారు. 1860 మేలో పింఛను బకాయిలతో సహా తిరిగి వచ్చింది.

రెండో పని ఉత్తరాలు రాయడం. ఉర్దూలో ఉత్తరాలు ఆయనకు అంతకుముందే అలవాటు. అయినా 1857 తర్వాత వాటి తీరు వేరు. ఢిల్లీలో మాట్లాడడానికి మిత్రులు మిగలలేదు. ఉరికంబం ఎక్కినవారు కొందరు, ఊరు విడిచినవారు కొందరు. సికందరాబాద్‌లో (అది మన సికింద్రాబాద్ కాదు, ఉత్తరాదిది) ఉన్న హర్‌గోపాల్ తఫ్తాకు, పానిపట్టులో ఉన్న మీర్ మెహ్దీ మజ్రూహ్‌కు ఎదురుగా కూర్చున్నవారితో మాట్లాడినట్టే రాసేవారు. వాన పడితే కారే కప్పు, కూల్చేసిన వీధులు, రాని టపా, అన్నీ అందులో ఉంటాయి. పరామర్శలు, హాస్యాలు, అలకలు కూడా. 1858లో మిత్రులు వాటిని అచ్చువేస్తామంటే వద్దన్నారు. చివరికి ‘ఊదె హిందీ’ 1868లో, ‘ఉర్దూఎ ముఅల్లా’ ఆయన మరణించిన కొద్ది రోజులకు 1869లో వెలువడ్డాయి. తన పర్షియన్ కవిత్వాన్ని చూసి గర్వించిన మనిషి ఆయన. ఉర్దూ వచనానికి దారిచూపింది మాత్రం చేతిలో పైసా లేని రోజుల్లో, తోచక, మాటకు మనిషి లేక రాసుకున్న ఆ ఉత్తరాలు.

మా సోదరుడికి చెప్పింది ఇదే. అర్జీ మానకండి, ఉత్తరమూ మానకండి. కథ రాసి బతకవచ్చని మేము చెప్పలేదు, చెప్పము కూడా. తెలుగు పత్రికలు ఇచ్చే పారితోషికంతో ఇల్లు గడిచిన రచయిత మాకైతే తారసపడలేదు. తాడు తీసుకుని అడవికి పోయి కట్టెలమోపు మోసుకొచ్చి అమ్ముకోవడం, పరుల ముందు చేయి చాచడం కంటే మేలని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ దావూద్ (అలై) తన చేతి కష్టంతోనే భుజించేవారని కూడా తెలిపారు. కూరగాయల ట్రాలీలో తలవంపు ఏమీ లేదు. తలవంపు అనుకునేలా చేసింది మనమే. ‘టీచరు కాస్తా ఇలా అయిపోయాడు’ అని మసీదు మెట్ల మీద గుసగుసలాడుకున్నది మన నోళ్ళే కదా! అడగడానికి అభిమానం అడ్డు వచ్చే అగత్యపరులను గుర్తించమని సూరె బఖరా చెబుతుంది. మా మొహల్లా జకాతు జాబితాలో ఆ రెండేళ్ళూ ఆయన పేరు లేదు. అడిగినవారి పేర్లే ఉన్నాయి. ఆ జాబితా తయారుచేసిన వారిలో మేమూ ఉన్నాము.

ఆయనకు మళ్ళీ పూర్తి ఉద్యోగం దొరకలేదు. ఉదయం కూరగాయలు, సాయంత్రం పదో తరగతి పిల్లలకు ట్యూషన్లు. గురువారం రాత్రి మాత్రం రాసుకుంటారు. ఆయమ్మ కథ ఒక మాసపత్రికలో అచ్చయింది. ఆ సంచికను తీసుకుని, మానేసిన నాటి నుంచి వెళ్ళని ఆ బడి వీధికి వెళ్ళి, అసలు ఆయమ్మకు చదివి వినిపించారట. ఆమె అంతా విని, “నాలుగున్నరకు కదా సారూ లాంగ్ బెల్లు, నాలుగని రాసినవేంది?” అన్నదట. తర్వాత ఆటోలోని బెండకాయలు అరకిలో తూయించుకుంది. డబ్బులు వద్దన్నా వినలేదు.

పోయిన నెల లెక్కల పుస్తకంలో ముందు పేజీలూ వెనక పేజీలూ కలిసిపోయాయని, రెండు కొత్త పుస్తకాలు కొన్నానని ఆయన చెప్పారు. ఒకటి కూరగాయలకు.