మణికట్టు మీది సాక్షి: స్మార్ట్‌వాచీ మాటను ఎంతవరకు నమ్మాలి?

రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతుంటారని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) హెచ్చరించారు. ఒకటి ఆరోగ్యం, రెండోది తీరిక సమయం. ఈ రెండింటినీ లెక్కగట్టి చూపుతానంటూ ఒక చిన్న పరికరం నేడు మన మణికట్టు మీదికి చేరింది. విజయవాడ బీసెంట్ రోడ్డు మొదలుకొని గుడివాడ, మచిలీపట్నం బజార్ల వరకు సెల్‌ఫోన్ దుకాణాల అద్దాల వెనుక స్మార్ట్‌వాచీలు బారులు తీరి ఉన్నాయి. గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చే కుమారుడు అబ్బాకు తెచ్చే కానుకల్లో ఇప్పుడు అత్తరు సీసా పక్కన ఇది కూడా ఉంటోంది. గుండె వేగం, రక్తపోటు, ప్రాణవాయువు, నిద్ర, నడక, కొన్నింటిలో చక్కెర సైతం వేలితో తాకగానే కనిపిస్తాయి. ఆ అంకెలలో దేనిని నమ్మాలి, దేనిని నమ్మకూడదు అన్నది తేల్చుకోవలసిన సమయం వచ్చింది.

గత రమజాన్‌లో వించిపేటలో మాకు బాగా తెలిసిన ఒక ఇంట జరిగిన సంగతి ఇది. ఇంటి పెద్దాయన పదేళ్లుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నారు. సూది గుచ్చకుండానే చక్కెర చెబుతుందన్న ప్రకటన చూసి పెద్దకుమారుడు ఒక వాచీ కొని ఇచ్చాడు. ఒకరోజు అసర్ నమాజ్ తర్వాత పెద్దాయనకు చల్లని చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. చిన్నకుమారుడు వాచీ చూశాడు. 112 అని ఉంది. “షుగర్ బాగానే ఉంది అబ్బా, ఇఫ్తార్‌కు ఇంకో గంటే కదా, కాస్త పడుకోండి” అన్నాడు. కోడలికి మాత్రం మనసు ఒప్పలేదు. పక్కింటికి వెళ్లి గ్లూకోమీటర్ తెచ్చి మామగారి వేలు గుచ్చి చూసింది. 54 వచ్చింది. వెంటనే ఖర్జూరాలు, చక్కెర నీళ్లు ఇచ్చి రోజా విరమింపజేశారు. అల్‌హమ్దులిల్లాహ్, పావుగంటలో ఆయన తేరుకున్నారు. ఆ గంటసేపు వాచీని నమ్మి ఊరకున్నట్లయితే ఏమయ్యేదోనని ఆ ఇంటివారు నేటికీ తలచుకుంటారు.

చూసినది, ఊహించినది

మన ధర్మంలో సాక్ష్యానికి ఒక నియమం ఉంది. సాక్షి తాను చూసినది, విన్నది చెప్పాలి. ఊహను సాక్ష్యంగా చెప్పరాదు. తెలియని దాని వెంట పడవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నీ జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయత్ మనల్ని హెచ్చరిస్తోంది. స్మార్ట్‌వాచీని కూడా ఒక సాక్షిగా భావించి, అది స్వయంగా చూసినదేమిటి, ఊహించినదేమిటి అని విచారిద్దాం.

వాచీ అడుగున ఆకుపచ్చ దీపాలు మిణుకుమిణుకుమనడం మనం గమనించే ఉంటాం. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోని సన్నని రక్తనాళాల్లోకి రక్తం ఎక్కువగా చేరుతుంది, అప్పుడు తిరిగివచ్చే కాంతి తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులను లెక్కించి వాచీ గుండె వేగాన్ని చెబుతుంది. చేయి కదలికను పసిగట్టే మరో చిన్న పరికరం అందులో ఉంటుంది. చాలా వాచీలు సూటిగా చూడగలిగేవి ప్రధానంగా ఈ రెండే: చర్మం నుంచి తిరిగివచ్చిన కాంతి, చేతి కదలిక. తెరపై కనిపించే తక్కిన అంకెలలో అధికభాగం వీటి ఆధారంగా కట్టిన లెక్కలే.

కాబట్టి కూర్చున్నప్పుడు గుండె వేగం విషయంలో మంచి వాచీ సాక్ష్యం చాలావరకు నమ్మదగినదే. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో 60 మంది వలంటీర్లపై 7 రకాల మణికట్టు పరికరాలను పరీక్షించారు. వాటిలో 6 పరికరాలు గుండె వేగాన్ని 5 శాతం లోపు తేడాతో చెప్పాయి. ఖర్చయిన కేలరీల విషయంలో మాత్రం అన్నింటికంటే మెరుగైన పరికరమే 27 శాతం తప్పు చెప్పగా, అన్నింటికంటే వెనుకబడినది 93 శాతం తప్పింది. “ఇవాళ ఇన్ని కేలరీలు కరిగాయి” అని వాచీ చెప్పిందని ఇఫ్తార్‌లో మరో రెండు సమోసాలు తినేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అడుగుల లెక్కలోనూ మెలిక ఉంది. వాచీ లెక్కించేది కాళ్లను కాదు, చేతి ఊపును. పండ్ల తోపుడు బండిని రెండు చేతులా పట్టుకుని వన్‌టౌన్ వీధుల్లో రోజంతా నడిచే సోదరునికి అడుగులు తక్కువగా నమోదు కావచ్చు. కదలకుండా కూర్చుని చేతితో పనిచేసేవారికి నడవని అడుగులు చేరవచ్చు.

మన ఎండలు, మన చెమటలు

వేసవిలో విజయవాడ ఎండలు, డెల్టా ఉక్కపోత మనకు కొత్త కాదు. చెమట వల్ల వాచీ చర్మంపై జారుతుంటే కాంతి పక్కకు పోయి లెక్క తప్పుతుంది. పట్టీ వదులుగా ఉన్నా, చేయి బాగా కదులుతున్నా ఇంతే. మణికట్టు మీది పచ్చబొట్టు, నల్లరంగు కలిపిన దట్టమైన మెహందీ కాంతికి అడ్డుపడవచ్చు. వుజూ చేసేటప్పుడు బిగుతుగా ఉన్న వాచీని తీయాలి లేదా జరపాలి, దాని అడుగున చర్మం తడవాలి కదా. తర్వాత చేతిని, వాచీ అడుగు భాగాన్ని పొడిగా తుడుచుకుని ధరిస్తే చర్మానికీ మంచిది, లెక్కకూ మంచిది.

గుండె లయ

కొన్ని ఖరీదైన వాచీలలో వేలిని అంచుపై ఉంచితే ఇ.సి.జి. తీసే వసతి ఉంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వైద్యులు పిలిచే లయ తప్పిన గుండె చలనాన్ని గుర్తించడంలో ఇది ఉపకరిస్తుంది. ఈ రుగ్మత వల్ల పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది గనుక ముందుగా తెలియడం మేలే. వాచీలోని కాంతి ఆధారంగా నాడి లయను గమనించే పద్ధతిని 4 లక్షల 19 వేల మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం పరిశీలించింది. దాని ఫలితాలు 2019లో వెలువడ్డాయి. హెచ్చరిక అందుకున్నవారు నూటికి 0.52 మంది మాత్రమే. వారిలో ఛాతీకి అతికించే ఇ.సి.జి. పట్టీ ధరించి తిరిగి పంపినవారిని చూస్తే 34 శాతం మందిలో ఆ రుగ్మత కనిపించింది. ఈ లయ తప్పడం వచ్చి పోతుండేది గనుక తక్కినవారి హెచ్చరికలన్నీ అబద్ధాలని చెప్పలేం. అయితే హెచ్చరిక రాగానే రోగం ఖాయమని బెంబేలెత్తనవసరం లేదు, వైద్యుని వద్ద నిర్ధారించుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి. వాచీ ఇ.సి.జి. గుండెపోటును గుర్తించలేదు. ఆసుపత్రిలో 12 కోణాల నుంచి తీసే ఇ.సి.జి.కి, వాచీ ఒకే కోణం నుంచి తీసేదానికి చాలా తేడా ఉంది. ఛాతీలో నొప్పి, ఎడమచేతికో దవడకో పాకే బాధ, ఆయాసం, చెమటలు కనిపిస్తే వాచీ వైపు చూస్తూ కాలయాపన చేయకూడదు. 108కి ఫోన్ చేయాలి.

రక్తపోటు, ప్రాణవాయువు

ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్ర వయోజనుల్లో దాదాపు నలుగురిలో ఒకరికి రక్తపోటు ఎక్కువగా ఉంది లేదా వారు దానికి మందులు వాడుతున్నారు. అందుకే వాచీలో రక్తపోటు అంకె మన ఇళ్లలో అందరికంటే ఎక్కువగా పెద్దలను ఆకర్షిస్తోంది. చేతికి పట్టీ చుట్టి గాలి నింపే యంత్రం రక్తనాళంలోని ఒత్తిడిని కొలుస్తుంది. చాలా వాచీలలో అటువంటి పట్టీ లేదు. అవి నాడి తరంగం ఆకారాన్ని బట్టి ఒత్తిడిని అంచనా వేస్తాయి. ఒక ప్రముఖ సంస్థ తన వాచీలోని రక్తపోటు సౌకర్యాన్ని ప్రతి 28 రోజులకొకసారి చేతిపట్టీ యంత్రంతో సరిచూసుకోవాలని తానే నిబంధన పెట్టింది. అంటే ఆ సాక్షికే మరో సాక్షి కావాలి. అటువంటి సరిచూపు ఏదీ లేకుండా చవక వాచీ చూపే 120/80 చూసి మాత్ర మానేయడం ప్రాణంతో చెలగాటమే.

ప్రాణవాయువు లెక్క కూడా ఇలాంటిదే. దీనికి మూలమైన పల్స్ ఆక్సీమీటర్ సూత్రాన్ని 1974లో జపాన్ ఇంజినీరు టకువో అవోయాగి కనుగొన్నారు. 2021లో కరోనా రెండో తరంగ కాలంలో వేలికి తగిలించే ఆ పరికరం కోసం మందుల దుకాణాల చుట్టూ తిరిగిన రోజులు మనం మరచిపోలేదు. అది సైతం అన్ని చర్మాలకూ సమానంగా పనిచేయదని 2020 డిసెంబరులో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం వెల్లడించింది. ఆక్సీమీటర్ 92 నుంచి 96 చూపుతున్నా నిజానికి రక్తంలో ప్రాణవాయువు ప్రమాదకరంగా పడిపోయి ఉన్న సందర్భాలు తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం, నల్లజాతి రోగుల్లో 11.7 శాతం. చర్మపు రంగు గాఢమయ్యే కొద్దీ కాంతి లెక్క తప్పే అవకాశం పెరుగుతుందన్నమాట. ఇది మనకూ వర్తించే హెచ్చరికే. వేలి పరికరం పరిస్థితే ఇదైతే, మణికట్టు వాచీ గురించి వేరుగా చెప్పనక్కర్లేదు. ఆయాసపడుతున్న మనిషిని చూడాలి, అంకెను చూసి ఊరుకోకూడదు.

చక్కెర: నమ్మకూడని సాక్ష్యం

సూది గుచ్చకుండా, చర్మం లోపలికి ఏదీ పంపకుండా రక్తంలో చక్కెరను స్వయంగా కొలుస్తామనే వాచీలను, ఉంగరాలను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2024 ఫిబ్రవరి 21న హెచ్చరించింది. అటువంటి ఏ ఒక్క పరికరానికీ తాము అనుమతి ఇవ్వలేదని స్పష్టం చేసింది. చర్మం కింద సన్నని తీగ ఉండేలా భుజానికి అతికించే సెన్సర్లు వేరు. అవి పంపే అంకెను కొన్ని వాచీలు తెరపై చూపుతాయి. అక్కడ కొలిచేది సెన్సరు, వాచీ కేవలం వార్తాహరుడు.

రోజా పాటించే మధుమేహ రోగులకు ఈ తేడా ప్రాణప్రదమైనది. రక్తపరీక్ష కోసం రక్తం తీయడం వల్ల రోజా భంగం కాదని 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. కనుక రోజా పోతుందేమోనన్న భయంతో వేలు గుచ్చడం మానేసి వాచీని ఆశ్రయించే అవసరం లేదు. రమజాన్‌లో మధుమేహ రోగుల కోసం అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య భాగస్వామ్యంతో రూపొందిన మార్గదర్శకాలు, చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా, లేదా చక్కెర పడిపోయిన లక్షణాలు కనిపించినా వెంటనే రోజా విరమించాలని చెబుతున్నాయి. రోగులకు రోజాను వేరే రోజులకు వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని అల్ బఖరా సూరాలో అల్లాహ్‌యే ప్రసాదించాడు. ఆయన ఇచ్చిన సౌలభ్యాన్ని స్వీకరించడం ఈమాన్ లోపం కాదు.

కొలవడంతోనే సరిపోదు

మన పొరుగున ఉన్న గోదావరి డెల్టా అనుభవం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఇరవై ఏళ్ల క్రితం ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలను పరిశోధకులు నమోదు చేయగా, దాదాపు మూడోవంతు మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులే కారణమని తేలింది. తర్వాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్ కంప్యూటర్లు ఇచ్చి, ఇంటింటా రక్తపోటు కొలిపించి, ప్రమాదం ఉన్నవారిని వైద్యుల వద్దకు పంపించారు. 2019లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. వైద్య పర్యవేక్షణ పొందినవారి సంఖ్య పెరిగింది. అయినా రక్తపోటు అదుపులోకి వచ్చినవారి శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సరైన యంత్రంతో కొలిచినప్పుడే ఇలా ఉంటే, అంచనా అంకెను రోజూ చూసుకున్నంత మాత్రాన ఆరోగ్యం చేకూరదు. మందు క్రమం తప్పకుండా వేసుకోవడం, ఉప్పు, ఊరగాయ తగ్గించడం, ఫజ్ర్ నమాజ్ తర్వాత కాస్త నడవడం మనమే చేయాలి.

ఇంట్లో పాటించవలసినవి

వాచీ ఉన్నవారు దానిని పారేయనక్కర్లేదు. ఒక్కరోజు అంకెకు కాక వారాల తరబడి మార్పుకు విలువ ఇవ్వండి. విశ్రాంతిలో గుండె వేగం రోజుల తరబడి పెరుగుతూ పోతుంటే వైద్యునికి చెప్పండి.

పెద్దవారున్న ఇంట్లో వాచీ కంటే ముందు చేతిపట్టీ రక్తపోటు యంత్రం, గ్లూకోమీటర్ ఉండాలి. రక్తపోటు చూసేముందు అరగంటసేపు టీ తాగకండి. వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి 5 నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం విరామంతో రెండుసార్లు కొలిచి కాగితంపై రాసి వైద్యునికి చూపండి.

వాచీ ఒకటి చెప్పి శరీరం మరొకటి చెబితే శరీరం మాటే వినండి. వాచీ అంకె చూసి ఏ మందూ మానవద్దు, పెంచవద్దు. వాచీ కొనిచ్చే బిడ్డలు దానితోపాటు ఈ మాట కూడా అమ్మీ, అబ్బాలకు చెప్పాలి.

శరీరం మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్. వించిపేటలోని ఆ ఇంట కోడలు చేసింది పెద్ద వైద్యమేమీ కాదు. మామగారి ముఖం చూసింది, అంకెను అనుమానించింది, నిర్ధారించుకుంది. ఇంట్లో పెద్దలున్న ప్రతి కుటుంబం చేయవలసిందీ ఇదే. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, దాన్ని కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.