తెలియని పాటకు టికెట్ కొనడం

చవితి పందిట్లోనో, పెళ్లి రిసెప్షన్‌లోనో ఆర్కెస్ట్రా వినడం విజయవాడ వాళ్లకు కొత్త కాదు. గాయకుడు సినిమా పాట ఎత్తుకోగానే జనం పల్లవి అందుకుంటారు. ఇండీ రాక్ బ్యాండ్ లెక్క వేరు. పాట రాసుకునేదీ, బాణీ కట్టుకునేదీ, వాయించేదీ ఆ నలుగురైదుగురే. ఆ పాట మనం ముందెప్పుడూ విని ఉండకపోవచ్చు. వంద మంది వస్తే గది నిండినట్టే. అంత చిన్న గదిలో జరిగేదేమిటో తెలిస్తే వినడం తేలికవుతుంది.

సినిమాతో సంబంధం లేని పాటను బెజవాడ ఎరుగును. 1948 డిసెంబరు 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం లలిత గీతాలను ఇంటింటికీ చేర్చింది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివాళ్లు అక్కడ పనిచేశారు. అయితే ఆ పాట ఖర్చు రేడియో భరించేది. ఇప్పటి బ్యాండ్లకు ఆ అండ లేదు. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బ్యాండ్ జానపదానికి రెగే లయ కలిపి యూట్యూబ్‌లో పేరు తెచ్చుకుంది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాలకు 2021లో ‘జాతిరత్నాలు’లోని చిట్టి పాట మరింత గుర్తింపు తెచ్చింది. యూట్యూబ్‌లో ఎంత పేరొచ్చినా, కొత్త పాట మనిషి ఎదుట నిలుస్తుందా లేదా అన్నది తేలేది చిన్న గదిలోనే.

ఆ గదిలో అసలు చిక్కు డ్రమ్స్‌తో. మైకు లేకుండానే అవి గదిని నింపేస్తాయి. వాటితో పోటీగా గిటారు యాంప్లిఫయర్ పెంచుతారు. ఆ రెండింటి మీదుగా గొంతు వినిపించాలి కాబట్టి సౌండ్ ఇంజినీరు శ్రమలో పెద్ద వాటా దానికే పోతుంది. గాయకుడి కాళ్ల దగ్గర ఏటవాలుగా పెట్టిన స్పీకర్లు మనకోసం కాదు, తన గొంతు తనకు వినబడడానికి. వాటి శబ్దం తిరిగి మైకులోకి దూరితే కీచుమంటుంది. షోకు ముందు సౌండ్ చెక్ చేసేది ఇవన్నీ సరిచూసుకోవడానికే. కానీ అప్పుడు గది ఖాళీగా ఉంటుంది. జనం చేరాక ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని, ముఖ్యంగా సన్నటి స్వరాలను, పీల్చుకుంటాయి. అందుకే మొదటి పాట తేడాగా వినిపిస్తే తొందరపడి పెదవి విరవకండి. ఒకటి రెండు పాటల్లో సర్దుతారు. స్టేజీ అంచున గొంతు కంటే వాయిద్యాలే ఎక్కువ వినిపిస్తాయి, గోడ మూలల్లో బేస్ పేరుకుంటుంది. సౌండ్ ఇంజినీరు బల్లకు కాస్త ముందు నిలబడితే ఆయన చెవికి కుదుర్చుకున్న పాటే మనకూ అందుతుంది.

చెవుల సంగతి మరవకూడదు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటల వరకు భరించవచ్చని ఒక ప్రామాణిక లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి పడిపోతుంది. ఆ ప్రకారం 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. ఇయర్ ప్లగ్స్ జేబులో వేసుకోవడం పిరికితనం కాదు. వాయించేవాళ్లలోనూ చాలామంది పెట్టుకుంటారు.

ఇక డబ్బు. టికెట్ 300 రూపాయలు, వచ్చింది వంద మంది అనుకుందాం. చేతికొచ్చేది 30 వేలు. గది అద్దె, సౌండ్ సెట్టు, దాన్ని నడిపే మనిషి, హైదరాబాదు నుంచి దాదాపు 270 కిలోమీటర్ల వ్యాను ప్రయాణం, రాత్రి బస, అన్నీ అందులోంచే. మిగిలింది పంచుకుంటే కూలి కూడా గిట్టకపోవచ్చు. పెద్ద నగరాల క్లబ్బుల్లో ఆ లోటును తిండి, మద్యం అమ్మకాలు పూడుస్తాయి. అందుకే అక్కడ బల్లల దగ్గర కబుర్లు ఆగవు, మెల్లని పాట ఆ సందట్లో మునిగిపోతుంది.

విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం వంటి పెద్ద హాళ్లున్నాయి. వాటిలో వంద మంది కూర్చుంటే వెలితిగా కనిపిస్తుంది. ఆరుబయట పెడదామంటే 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటాక మైకు ఆపాలి. మూసిన హాళ్లకు మినహాయింపు ఉన్నా శబ్దం ఇరుగుపొరుగుకు ఇబ్బంది కాకూడదు. కాబట్టి కావలసింది చప్పుడు బయటికి పోని చిన్న గది.

గది ఒక్కటే సరిపోదు. మన సంగీత సభలు సభ్యుల చందాతో నడిచాయి. ఎవరు పాడతారో తేలకముందే సభ్యులు డబ్బు కట్టేవాళ్లు. బ్యాండ్లకూ ఆ పద్ధతి పనికొస్తుంది. నెలకో షో, ముందుగా చందా కట్టే వంద మంది ఉంటే, సినిమా పాట జోలికి పోకుండా సొంత పాటతో వచ్చే బృందం కనీసం దారి ఖర్చులకు వెతుక్కోనక్కర్లేదు.